ఏర్పాటు లేనివారి వంతు

ధ్యానభాగము: నెహెమ్యా 8:1–12



మన సంఘములలోని యౌవనస్థులు అనేకులు ఇప్పుడు పట్టణములో పని చేయుచున్నారు. శని ఆదివారములు వచ్చినప్పుడు వారు ఎక్కడికి పోవచ్చును, ఎక్కడికి పోకూడదు అని తలిదండ్రులు మమ్మును అడుగుచుందురు. “అయ్యగారూ, మావాడు ఎగ్జిబిషన్‌కు పోయినాడంట. ట్యాంక్‌బండ్ మీద పాటలు వినుటకు పోయినాడంట. గుడికి పోయినాడో లేదో మాత్రం చెప్తలేడు” అని తల్లులు దిగులుపడుదురు.

ఈ ప్రశ్నకు మేము అనేక సంవత్సరములు సుళువైన జవాబు చెప్పుచు వచ్చితిమి. పోవద్దని చెప్పితిమి. పోవద్దనుటకు పెద్ద ఆలోచన అక్కరలేదు గనుక ఆ జవాబు మాకు సుఖముగా ఉండెను. అయితే గత ఫిబ్రవరి మాసములో ఒక శనివారమున జరిగిన సంగతి మమ్మును సిగ్గుపరచి, ఈ వాక్యభాగమును మరల చదివించినది. ఆ సంగతి తరువాత చెప్పెదము. ముందుగా వాక్యమును చూచెదము.

యెరూషలేము గోడ ఏబదిరెండు దినములలో కట్టబడెను. ఏడవ నెల మొదటి దినమున జనులందరు నీటి గుమ్మము ఎదుటి మైదానములో ఏకముగా కూడిరి. ఎజ్రా కొయ్య పీఠము మీద నిలిచి, తెల్లవారినది మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను. వినిన జనులు ఏడ్చిరి. అట్టి సమయమున నేటి బోధకుడెవడైనను, “ఇంకను ఏడువుడి, మంచిదే” అనును. కాని నెహెమ్యాయు, ఎజ్రాయు, లేవీయులును వారి ఏడుపును మానిపించిరి. ఇది దేవునికి ప్రతిష్ఠితమైన దినము గనుక దుఃఖపడక ఇండ్లకు పోయి మంచి భోజనము చేయుడనియు, తియ్యని పానీయములు త్రాగుడనియు చెప్పిరి. అంతటితో విడువలేదు. తమకని ఏ ఏర్పాటును చేసికొనలేని వారియొద్దకు కూడ వంతులు పంపవలెనని ఆజ్ఞాపించిరి. పండ్రెండవ వచనము చూడుడి. జనులు పోయి తినిరి, త్రాగిరి, వంతులు పంపిరి, బహుగా సంతోషించిరి. ఈ నాలుగు పనులు ఒకే వాక్యములో ఉన్నవి. మనము మొదటి రెండును నాలుగవదియు చేసి, మూడవదానిని మరచిపోవుచున్నాము.

ఆ దినమున ఏర్పాటు లేనివారు ఎవరై యుందురు? ఇదే గ్రంథము అయిదవ అధ్యాయము చదివినయెడల తెలియును. కరవు వచ్చినప్పుడు కొందరు తమ పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను తాకట్టుపెట్టి ధాన్యము తెచ్చుకొనిరి. కొందరు రాజునకు పన్ను కట్టుటకు అప్పుచేసిరి. కొందరు తమ కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిరి. వారికి అప్పిచ్చినవారు పరదేశులు కారు, వారి సహోదరులే. అట్టి ఇండ్లలో పండుగనాడు పొయ్యి మీద ఏమి ఉండును? అందుచేతనే, వంతు పంపుడను మాట దయతో చెప్పిన మాట మాత్రమే కాదు. వారి పొయ్యి ఎందుకు చల్లారెనో ఎరిగినవాడు చెప్పిన మాట అది.

ఈ భాగమునుండి మూడు సంగతులను ధ్యానించెదము.

1. సంతోషించుట పాపము కాదు

మేము మిషను వేదాంత పాఠశాలలో చదువుకొనునాడు, జాతరయు నాటకమును సినిమాయు ఒకే గాటన కట్టబడి యుండెను. మాకు బోధించిన పెద్దలు భక్తిపరులు. తాగుబోతుతనమును జూదమును చూచి భయపడి అట్లు చెప్పిరి. వారి భయము నిరాధారమైనది కాదు. జాతరలో కూలి డబ్బులన్నియు పోగొట్టుకొని, వట్టి చేతులతో ఇంటికి వచ్చిన తండ్రులను మేమును ఎరుగుదుము. అయినను లేఖనము సంతోషమును తరిమివేయుట లేదు. ద్వితీయోపదేశకాండము పదునాలుగవ అధ్యాయములో, దూరమునుండి వచ్చు ఇశ్రాయేలీయుడు తన దశమభాగమును వెండిగా మార్చి తెచ్చి, దేవుడు ఏర్పరచుకొనిన స్థలమున తనకు ఇష్టమైనది కొని, ఇంటివారితో కలిసి దేవుని సన్నిధిని తిని సంతోషింపవలెనని వ్రాయబడియున్నది. జెకర్యా ప్రవక్త దేవుని పట్టణమును వర్ణించుచు, దాని వీధులు ఆడుకొను బాలురతోను బాలికలతోను నిండియుండునని చెప్పెను. పిల్లల ఆటలు లేని పట్టణము దేవుడు బాగుచేసిన పట్టణము కాదన్నమాట. మన ప్రభువు తన మొదటి సూచకక్రియను పెండ్లి విందులోనే చేసెను గదా!

హైదరాబాదు పట్టణములో 2021వ సంవత్సరమున ఆదివారము సాయంత్రములలో ట్యాంక్‌బండ్ మీద వాహనములను నిలిపివేసి, కుటుంబములు నడుచుటకును పిల్లలు ఆడుకొనుటకును ఆ మార్గమును విడిచిపెట్టిరి. ఆ దినములలో మేము పనిమీద పట్టణమునకు పోయి, ఆ దృశ్యమును చూచితిమి. హుస్సేన్‌సాగరు గాలిలో తాతలు మనుమలను భుజముల మీద ఎత్తుకొని నడుచుచుండిరి. ఇరుకు గదులలో వారమంతయు గడపినవారికి అది ఎంత మేలు! దానిని చూచి ముఖము చిట్లించుకొనుటకు మాకు మనస్సొప్పలేదు.

అయితే ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. ఒకని విశ్రాంతిదినము మరియొకనికి పని ఎక్కువైన దినము. శని ఆదివారములలో హోటలులో ఎంగిలి పళ్లెములు కడుగువాడు, బండి మీద మిరపకాయ బజ్జీలు వేయువాడు, సినిమా హాలు ఊడ్చు స్త్రీ, ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు యౌవనుడు, వీరికి వారాంతమే లేదు. మన పల్లెలో కూలికి పోవువారికిని లేదు. విశ్రాంతిదినమునుగూర్చిన ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో చదువుడి. నీవలె నీ దాసుడును దాసియు విశ్రమింపవలెనని దేవుడు ప్రత్యేకముగా కారణము చెప్పెను. కాబట్టి మన సంతోషమును మోయుచున్న చేతులను చూడక సంతోషించినయెడల, ఆ సంతోషము సగమే పరిశుద్ధమైనది.

2. వంతు వేరు, మిగులు వేరు

రాత్రి ఆలస్యముగా వచ్చు కొడుకునకు తల్లి ఏమి చేయును? అందరు తినిన తరువాత కుండలో అడుగంటినది గీకి పెట్టదు. వడ్డనకు ముందే ఒక గిన్నెలో తీసి మూతపెట్టి, ఉట్టి మీదనో పొయ్యి గట్టు మీదనో ఉంచును. అది వంతు. తినగా మిగిలినది బిచ్చగానికి వేయుట మిగులు. మిగులు ఇచ్చుటకు ప్రేమ అక్కరలేదు, కడుపు నిండినయెడల చాలును. వంతు తీయుటకు మాత్రము, లేనివానిని పంక్తిలో కూర్చున్నవానివలె మనస్సులో లెక్కింపవలెను.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, యెరూషలేములోని పరిశుద్ధులకొరకు ప్రతి ఆదివారమున ఒక్కొక్కడు తన వృద్ధి కొలది కొంత ప్రక్కకు తీసి ఉంచుకొనవలెనని చెప్పినది ఇందుకే. ఆయన వచ్చిన దినమున జేబులు తడువుకొనకుండ, వారము మొదటనే వంతు తీయుమనెను. మన తెలుగు సంఘములలో స్త్రీలు ఎసట్లో బియ్యము పోయకముందు పిడికెడు బియ్యము ప్రక్క డబ్బాలో వేయు ఆచారము పాతది. 1912లో దోర్నకల్‌కు బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, పేదలు ఇయ్యలేరని ఎన్నడును ఒప్పుకొనలేదు. కానుకలనుగూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. ఇయ్యనేర్చిన పేదవాడు బిచ్చగాడు కాడు, సంఘములో పాలివాడగును.

మన మెదకు గుడిని చూడుడి. 1914 మొదలు పదేండ్ల కాలము దానిని కట్టిరి. కరవు దినములలో పాస్నెట్ దొరగారు ఊరక గింజలు పంచుటకు బదులు పని కల్పించి జనుల ఆకలి తీర్చిరని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. 1924 డిసెంబరు 25న ఆ గుడి ప్రతిష్ఠింపబడెను. 2024లో దానికి నూరేండ్లు నిండినవి. నేడు ఆదివారము వచ్చినయెడల పట్టణమునుండి బండ్లు కట్టుకొని వచ్చి, రంగుటద్దముల కిటికీలను చూచి, 175 అడుగుల గోపురము క్రింద ఫోటోలు తీసికొనిపోవువారు అనేకులు. రానిండు, మంచిదే. కాని ఆ రాళ్లను మోసినవారు ఆకలిగొనినవారు. ఆ గుడి వారికి అన్నమైనది, వారి చెమట మనకు గుడియైనది.

పట్టణములో జరుగు వినోదములలో కూడ ఇట్టి వంతు కనబడును. హైదరాబాదులో ప్రతి యేట సాధారణముగా జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు 46 దినములు జరుగు నుమాయిష్‌ను మీరెరుగుదురు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు, ఈ నాటి సరుకులను జనులకు చూపవలెనని తలంచి, బాగేఆం అనబడు పబ్లిక్ గార్డెన్సులో చిన్న ప్రదర్శన పెట్టిరి. ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారెను. కాశ్మీరు శాలువలు, చేనేత చీరలు, ఎండు ఫలములు, చెరసాలలోని ఖైదీలు చేసిన వస్తువులు, పిల్లల రైలు, పెద్ద రంగులరాట్నము, ఇవన్నియు అక్కడ ఉండును. కాని అనేకులు ఎరుగని సంగతి ఒకటి కలదు. ఆ ప్రదర్శన వలన వచ్చు ఆదాయము విద్యాసంస్థలను నడుపుటకు వినియోగింపబడుచున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ సొసైటీ నడుపు సంస్థలే. రంగులరాట్నము ఎక్కినవాడు, తనకు తెలియకయే, ఒక బాలిక చదువునకు కొంత ఇచ్చుచున్నాడు.

ఇదియుగాక 2009 మొదలు మన దేశములో గాంధీగారి జన్మదినమైన అక్టోబరు 2 కలిసియున్న వారమున ఇచ్చుటను పండుగగా జరుపుకొను అలవాటు పుట్టినది. దానికి దాన్ ఉత్సవ్ అని పేరు. దానిని నడిపించువారు అన్ని మతములవారు, ఏ మతమును లేనివారు కూడ. ఇచ్చుట మన సంఘములకు మాత్రమే తెలిసిన విద్య అని మనము గొప్పలు చెప్పుకొనరాదు. అన్యులు వంతు తీయుచుండగా మనము మిగులు వేయుచున్నామేమో పరీక్షించుకొందము.

3. లెక్కలో లేనివారిని లెక్కించుట

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. ఇతరుల తప్పులను ఉదాహరణలుగా చెప్పుట బోధకులకు అలవాటు. ఈసారి తప్పు మాదే.

మా సండేస్కూలులో ఇరువది ముగ్గురు పిల్లలు కలరు. క్రిస్మసు పాటలు చక్కగా పాడిరని మెచ్చుకొని, వారిని నుమాయిష్‌కు తీసికొనిపోవుదుమని సంఘపెద్దలు తీర్మానించిరి. మేము వద్దనలేదు. వ్యాను బాడుగ, ప్రవేశరుసుము, మధ్యాహ్న భోజనము కలిపి తలకు 400 రూపాయలు పడునని లెక్కవేసి, ఆదివారము ఆరాధన చివర ప్రకటించితిమి. డబ్బు ఇచ్చినవారి పేర్లు ఒక కాగితము మీద వ్రాసికొంటిమి. ఇరువది రెండు పేర్లు వచ్చెను. ఇరువది మూడవది అయిదవ తరగతి చదువు ఒక బాలిక. తండ్రి లేడు. తల్లి కూలికి పోవును. బయలుదేరుటకు ముందుదినము ఆ తల్లి వచ్చి, “పాపకు జ్వరం వచ్చినట్టున్నదయ్యగారూ, ఈసారికి మానుకుంటది” అని చెప్పెను. మేము ప్రార్థన చేసి పంపించితిమి. పిల్లను చూచుటకు పోలేదు. జ్వరమను మాట నమ్ముట మాకు సుళువుగా ఉండెను గనుక నమ్మితిమి.

నుమాయిష్ ముగియబోవు వారపు శనివారము అది. నాంపల్లిలో దిగునప్పటికే జనము విపరీతముగా ఉండెను. పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని, కన్నులు పెద్దవి చేసికొని నడిచిరి. 2019 జనవరి 30న ఆ మైదానములో అగ్నిప్రమాదము కలిగి అనేక అంగళ్లు కాలిపోయిన సంగతి జ్ఞాపకమొచ్చి, మేము మాటిమాటికి తలలు లెక్కించుచుంటిమి. ఆనాడు దేవుని దయవలన ప్రాణనష్టము కలుగలేదు గాని, అమ్ముకొని బ్రదుకవలెనని దూరమునుండి వచ్చినవారి సరుకు బూడిదయైనది.

అట్లు లెక్కించుకొనుచు పోవుచుండగా, ఆటవస్తువుల అంగడిలోనుండి ఎవరో “అయ్యగారూ!” అని పిలిచిరి. చూడగా మన సంఘపు యౌవనస్థుడే. అతనినిగూర్చి రెండు మాటలు చెప్పవలెను. క్రిస్మసుకు రాలేదనియు, నూతన సంవత్సరపు ఆరాధనకును రాలేదనియు పెద్దలు గొణిగిరి. పట్టణము వానిని పాడుచేసెనని ఒకరనిరి. మేమును తలయూపితిమి. కాని ఆ దినములలో అతడు ఆ అంగడికి కొయ్యలు పాతుచు, సరుకు దింపుచు ఉండెను. యజమానుడు అతనిని 46 దినములకు సెలవు లేకుండ కుదుర్చుకొనెను. జనులకు వారాంతము వచ్చినప్పుడు, అతనికి మూత్రవిసర్జనకు పోవుటకును తీరిక యుండదట!

అతడు పిల్లలను చూచి సంతోషించి, ఒక్కొక్కరి పేరు అడిగెను. తరువాత వారిని లెక్కపెట్టి మా వైపు తిరిగి, “ఇరవై ఇద్దరే ఉన్నారు. మన సండేస్కూలు ఎంతమంది అయ్యగారూ?” అనెను.

“ఇరవై ముగ్గురు. ఒక పిల్లకు జ్వరమట” అని చెప్పితిమి.

“ఎవరు?” అని అడిగెను. చెప్పితిమి. అతడు కొంచెము సేపు ఊరకుండి, మెల్లగా ఇట్లనెను: “జ్వరం గాదయ్యగారూ. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు బడివాళ్లు యాత్రకు తీస్కపోయిన్రు. నాకు కడుపునొప్పి అని మా అమ్మ సారుకు చెప్పొచ్చింది. నాకేం నొప్పి లేకుండె.”

ప్రియులారా, అన్ని దీపముల నడుమ, అంత సందడిలో మాకు ఏమియు వినబడలేదు. చేతిలోని పేర్ల కాగితము బరువుగా తోచెను.

అతడు గోడకు వ్రేలాడుచున్న వస్తువులలో ఒక చిన్న రంగులరాట్నము తీసెను. చేతితో త్రిప్పినయెడల తిరుగునది. తన జేబులోనుండి డబ్బులు తీసి యజమానుని పెట్టెలో వేసి, ఆ వస్తువును కాగితములో చుట్టి మాకిచ్చి, “ఆ పిల్లకియ్యుండ్రి. నేనిచ్చిన్నని చెప్పొద్దు” అని చెప్పి, వెంటనే గిరాకీ వైపు తిరిగెను. నెహెమ్యా చెప్పిన వంతు అదియే. వాక్యమును విద్యగా నేర్చినవారము మేము. దానిని చేసినవాడు, ఆరాధనకు రాలేదని మేము నిందించినవాడు.

మరునాడు ఆదివారము. ఆ బాలిక తల్లితో గుడికి వచ్చెను. జ్వరపు జాడయే లేదు. తల్లి ఎప్పటివలెనే పిడికెడు బియ్యపు సంచిని కానుకల బల్ల మీద పెట్టెను. వారము దినములు పూట పూటకు తీసిన బియ్యము. ఆ ఇంటిలో ఆ వంతు ఒక్క వారమైనను తప్పిపోవుట మేము చూడలేదు. మార్కు సువార్త పండ్రెండవ అధ్యాయములోని విధవరాలిని ప్రభువు మెచ్చుకొనిన కథను మేము ఎన్నిసార్లు బోధించితిమో లెక్కలేదు. కాని ఆ అధ్యాయములోనే, దానికి కొంచెము పైన, విధవరాండ్ర ఇండ్లను మ్రింగివేయుచు దీర్ఘ ప్రార్థనలు చేయు శాస్త్రులనుగూర్చిన హెచ్చరిక కలదు. దానిని మేము అంతగా బోధింపలేదు. ఆమె బియ్యమును తీసికొని, ఆమె బిడ్డను విడిచిపోయినవారమైతిమి. ఆరాధనయైన తరువాత ఆ పిల్ల మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఆ రంగులరాట్నం మెదకు గుడి గోపురమంత ఎత్తుంటదా?” అని అడిగెను. అంత ఉండదని చెప్పితిమి. “పైకి పోయినప్పుడు భయమయితదా?” అని అడిగెను. మేము ఎక్కలేదని చెప్పితిమి. ఆ పొట్లమును ఆమె చేతికిచ్చునప్పుడు, ఎవరు పంపిరని ఆమె అడిగెను. నిన్ను జ్ఞాపకము చేసికొనినవారు పంపిరి అని మాత్రము చెప్పగలిగితిమి.

ఆ సాయంత్రము మేము ఆ తల్లి ఇంటికి పోయి క్షమింపుమని అడిగితిమి. ఆమె కలవరపడి, “అట్లనొద్దయ్యగారూ, మీరేం జేసిన్రు?” అనెను. మేమేమియు చేయలేదు. అదియే మా తప్పు.

మనము ఇయ్యవలసిన విధము

ఈ సంగతి తరువాత సంఘపెద్దలము కూర్చుండి కొన్ని తీర్మానములు చేసికొంటిమి. వేరు సంఘములకును ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటిది, పిల్లల విషయములో తలకు ఇంత అని వసూలు చేయుట మానివేసితిమి. గుమ్మమునొద్ద మూతగల డబ్బా ఉంచితిమి. ఎవరి శక్తికొలది వారు వేయవచ్చును. ఎవరు ఎంత వేసిరో, ఎవరు వేయలేదో తెలియదు. చాలినంత కూడినయెడల పిల్లలందరు పోవుదురు. చాలనియెడల దగ్గర చోటికి పోవుదురు. అంతేగాని కొందరు పోయి కొందరు ఉండిపోవుట ఇక మన సంఘములో ఉండదు.

రెండవది, ఇచ్చినవారి పేర్లనుగూర్చినది. మన గుడులలో ట్యూబులైటు మీద దాత పేరు, ఫ్యాను రెక్కల మీద దాత పేరు, గోడ గడియారము మీద దాత కుటుంబమంతటి పేర్లు. ఫ్యాను తిరుగునప్పుడు ఆ పేరు కనబడదు. బహుశః అప్పుడే అది దేవునికి ఇష్టమైన కానుక కాబోలు! కోతపండుగ వేలములో ఒక కోడిపుంజును పంతమునకు పోయి వేలు పాడినవారిని చప్పట్లతో మెచ్చుకొనుచున్నాము. సొరకాయ తెచ్చిన ముసలమ్మ పేరు ఎవరును పిలువరు. పట్టణములో కూడ అనాథ పిల్లలకు దుప్పట్లు పంచునప్పుడు, ఇచ్చుటకంటె ఫోటో తీసికొనుటకు ఎక్కువ సేపు పట్టుచున్నది. తీసికొనువాని ముఖము ఆ చిత్రములో ఎట్లుండునో చూచితిరా? కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియరాదని ప్రభువు చెప్పగా, మనము ఎడమచేతిలో ఫోను పట్టుకొని నిలుచున్నాము. ఆ అంగడి యౌవనుడు, చెప్పొద్దని మాతో అనిన మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది. అందుచేతనే ఇక్కడ అతని పేరు వ్రాయలేదు.

మూడవది, పట్టణములో పని చేయు మన బిడ్డలనుగూర్చినది. ఆదివారము రాలేకపోయినవారి పేరు ఎదుట సున్న పెట్టుటకు ముందు, వారు ఎక్కడ ఉన్నారో విచారింతము. హోటలులలో, అంగళ్లలో, కావలి గదులలో ఉన్నవారికి ఆదివారమే పెద్ద బరువు. వారికి వేకువనే ఒక చిన్న ఆరాధనయో, వారపు నడుమ ఒక రాత్రి కూడికయో ఏర్పాటు చేయుట పట్టణపు సంఘముల బాధ్యత కాదా? సంతలోనికి పోవద్దని వారితో చెప్పుటకంటె, సంతలో ఉన్నవారియొద్దకు మనము పోవుట మేలు.

యౌవనస్థులారా, మీతో ఒక మాట. మీరు శనివారమున స్నేహితులతో కలిసి పోవుడి, పాట వినుడి, మంచి భోజనము చేయుడి. త్రాగుడును జూదమును, మీ తల్లి ఎదుట చెప్పుకొనలేని స్థలములును విడిచిపెట్టుడి. ఇంటికి పంపవలసినది పంపిన తరువాత ఖర్చుపెట్టుడి. ఖర్చుపెట్టుటకు ముందే ఒక వంతు తీసి ప్రక్కకు పెట్టుడి. అది పది రూపాయలైనను సరే. మీకు వడ్డించినవానిని పేరడిగి పలుకరించుడి. మీ గుంపులో ఎవడైనను, “నాకు తలనొప్పి, నేను రాను” అనినయెడల, ఒక్కసారి ఆగి ఆలోచించుడి. ఆ నొప్పి తలలో ఉన్నదో, జేబులో ఉన్నదో!

సహోదరులారా, ఆ యేటి నుమాయిష్ ముగిసిపోయినది. అంగళ్లు విప్పిరి. ఆ బాలికను మేము మరల తీసికొనిపోలేకపోతిమి. సంఘపు లెక్కల పుస్తకములో ఆ మాట ఎక్కడను వ్రాయబడలేదు గాని, మా లెక్కలో అది బాకీగా ఉన్నది. ప్రభువు చిత్తమైనయెడల వచ్చు జనవరిలో ఇరువది ముగ్గురము పోవుదుము. ఆ పిల్లతో కూడ మేమును రంగులరాట్నము ఎక్కవలెనని మా సతీమణి తీర్పు చెప్పినది. పైకి పోయినప్పుడు భయమగునో లేదో అప్పుడు ఆమెకు జవాబు చెప్పెదము.

అంతవరకు ప్రతి ఇంటిలో, ప్రతి పండుగనాడు, వడ్డనకు ముందు ఒకసారి మన పంక్తిని లెక్కపెట్టుకొందము. ఎవరు రాలేదు? ఎందుకు రాలేదు? ఈ రెండు ప్రశ్నలు అడిగినవాడు వంతు పంపకుండ ఉండలేడు.

ప్రార్థన

కృపగల తండ్రీ, మాకు విశ్రాంతిని, పాటను, పిల్లల నవ్వును ఇచ్చినందుకు వందనములు. మా సంతోషములో విడువబడినవారిని మాకు చూపుము. మా కాగితము మీద లేని పేర్లు నీ గ్రంథములో ఉన్నవని మాకు నేర్పుము. ఇచ్చు చేతికి మరుగును, పుచ్చుకొను చేతికి గౌరవమును దయచేయుము. పట్టణములో కష్టపడు మా బిడ్డలను కాపాడుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.